ముప్పై తొమ్మిదో వరుస

వాల్దీవియాలో జూలై అంటే వాన.
నిన్నటిది ఆరకముందే ఇవాళ్టిది.
కట్టెల పొయ్యి పక్కన నా బూట్లు ఆవిరి కక్కుతుంటే
ఆసుపత్రి నుంచి ఫోను:
రక్తపరీక్షల పేజీ తెరుచుకోవడం లేదు.
టైము రెండూ ఇరవై.

నేను చేసిందల్లా
మాన్యువల్లో ఉన్న ఉదాహరణని ఉన్నదున్నట్టు
ఎత్తి అతికించడమే.
నలభయ్యో వరుసలో తప్పుందని సర్వర్ మొరాయించింది.
నలభయ్యో వరుసని ఎన్నిసార్లు చదివానో!
మూసే బ్రాకెట్టు ఒక్కటి, అంతే.
తప్పు దాక్కోవడానికి అందులో చోటేదీ?

అక్కడ ల్యాబులో ఫ్లోరిదెమా
ఫలితాలు చేత్తో కాగితాలమీద రాసి
నాలుగంతస్తులు ఎక్కి ఇచ్చొస్తోంది.
ఆ వారమే లిఫ్టు చెడింది.
మోకాళ్ల నొప్పుల మనిషి.
ఫోను చేసి తిట్టదు,
"ఇంకోసారి ఎక్కాను" అని చెప్పి పెట్టేస్తుంది.
తిట్టినా బాగుండును.

తెల్లవారుజామున కనబడింది.
ముప్పై తొమ్మిదో వరుస చివర
పైన చుక్క, కింద కామా
ఉండాల్సిన చోట
ఏమీ లేదు.
తప్పు చేసింది పై వరుస,
పట్టుబడింది కింది వరుస.
యంత్రానికీ అంతే,
దొరికినవాడే దొంగ.

సర్వర్ లేచింది. నేనిక పడుకోవాలి.
పడుకోలేదు.
మాన్యువల్ మూలప్రతి తెరిచి
ఆ ఒక్క గుర్తూ పెట్టి పంపాను.
మార్పుకి కారణం రాయాలి, అది పద్ధతి.
"ఫ్లోరిదెమా మోకాళ్లు" అని రాసి, చెరిపేసి,
"అర్ధవిరామం చేర్చాను" అని రాశాను.

సాయంత్రానికి జవాబు స్వీడన్ నుంచి.
అక్కడ రాత్రి పదింటికీ ఎండ పోదట ఈ రోజుల్లో.
రాగ్నిల్డ్ అనే ఆవిడ. ముఖం ఎలా ఉంటుందో తెలీదు.
థాంక్సు కన్నా ముందు ప్రశ్న:
"మీ స్పానిష్ ప్రతిలోనూ ఇదే తప్పుందా?"

ఉంది.
పద్నాలుగేళ్లుగా ఉంది.
అనువదించినాయన పేరు ఎవారిస్తో కార్కామో.
చదివేవాళ్లకి కనబడని చోట
ఆ వరుస మీద ఓ మాట రాసిపెట్టుకున్నాడు:
"ఇక్కడేదో తక్కువైనట్టుంది.
వాళ్లకి తెలియకుండా ఉంటుందా?
ఉన్నదున్నట్టే ఉంచుతున్నాను."

పొయ్యిలో కట్టె విరిగి కూలేదాకా
ఆ మూడు వాక్యాలే చూస్తూ కూర్చున్నాను.
ఆయనకి కనబడింది.
కనబడీ, కన్నుని నమ్మలేదు.
ఆ తర్వాత ఎంతమందో, ఏ ఊళ్ల రాత్రుల్లోనో
తప్పు తమదే అనుకుని
ఏ పాపం ఎరగని నలభయ్యో వరుసని
నిలదీస్తూ కూర్చుని ఉంటారు.

గుర్తు పెట్టాను. ఆయన మాట జోలికి పోలేదు.
రాగ్నిల్డ్ ఊరుకోలేదు:
"తప్పు పోయాక అనుమానం దేనికి? తీసెయ్యండి."
సబబే.
సబబైనదానితో వాదించడం నాకు చేతకాదు.
తీసేముందు మాత్రం
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను, ఎందుకో.

చేరింది ఒక్క గుర్తు, పోయినవి మూడు వాక్యాలు.
ఎవారిస్తో పాత చిరునామాకి ఓ ఉత్తరం పంపాను:
"అయ్యా, మీ అనుమానం నిజమే."
తిరిగీ రాలేదు, జవాబూ లేదు.

శనివారం నది ఒడ్డున చేపల బజారులో
ఫ్లోరిదెమా కలిసింది.
కోసి పారేసిన తలల కోసం
నీటి సింహాలు గట్టెక్కి పోట్లాడుకుంటున్నాయి.
"ఇంతకీ ఏమిటా రోజు?" అంది.
జేబులో బిల్లు తీసి, మూల మీద
పైన చుక్క, కింద కామా గీసి చూపించాను.
కళ్లజోడు పైకి తోసుకుని, దగ్గరగా పట్టుకుని,
వానచినుకు పడిన మరకనుకుందో ఏమో
బొటనవేలితో తుడవబోయింది.
"ఇదా?"
"ఇదే."
"నాలుగంతస్తులు!"

నా చేతిలో కలం లాక్కుని
ఆ చుక్కని, ఆ కామానీ
కాగితం చిరిగేటంత
లావుగా దిద్దింది.